చిన్న కథ చదివి సరైన ఆప్షన్ పట్టుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కథ అర్థమైంది. చదువుతున్నప్పుడు ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. తీరా ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి నాలుగు ఆప్షన్లలో రెండు సరైనవే అనిపిస్తాయి. బాగా నచ్చినది పెడితే అది తప్పని తేలుతుంది. చిన్న కథల మీద వచ్చే మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్నల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇలాగే. భాష రానివాళ్ల కన్నా బాగా చదివే అలవాటున్నవాళ్లే ఈ దెబ్బ ఎక్కువ తింటారు.

కారణం ఉంది. కథకుడు చెప్పకుండా వదిలేసిన చోట్లను మనం మన అనుభవంతో, ఊహతో పూరించుకుంటూ చదువుతాం. కథను ఆస్వాదించాలంటే అలా చదవాల్సిందే. కానీ పరీక్ష అడిగేది వేరు: మీ మనసులో తయారైన కథలో పేజీ మీద ఉన్నదెంత, మీరు కలిపిందెంత? అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఒకే ప్రశ్న దగ్గరికి వస్తుంది. "కథలో ఏ వాక్యం చూసి ఈ మాట అంటున్నాను?"

ఈ పరీక్షా పద్ధతి పుట్టుకలోనే ఆ ప్రశ్న ఉంది. అమెరికాలోని కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ 1915 ప్రాంతంలో తయారుచేసిన పరీక్షను ఈ తరహా ప్రశ్నలకు తొలి నమూనాల్లో ఒకటిగా చెబుతారు. అది కూడా చదివి అర్థం చేసుకోవడాన్ని కొలిచే పరీక్షే. దిద్దే మనిషి ఇష్టాయిష్టాలు మార్కుల్లోకి రాకూడదన్నది ఆయన ఉద్దేశం. అంటే సరైన జవాబు ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడకూడదు, కథలోంచి చూపించగలగాలి. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ నిబంధన ఉందని గుర్తుంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పద్ధతి చెప్పడానికి ఒక చిన్న కథ కావాలి. ఇది ఇందుకోసమే రాసింది. ఒకసారి మామూలుగా చదవండి.

గోడ అవతలి ఇంటి నుంచి సూరి వచ్చి, నిచ్చెనను వరండా స్తంభానికి ఆనించాడు. "తెచ్చాను" అన్నాడు, ఎవరికో చెప్పినట్టు.

నారాయణ కుర్చీలోంచి లేవలేదు. చదువుతున్న పేపరు మడవలేదు. "నాతో రెండు రోజులన్నావు. వారమైంది."

"అవును."

నారాయణ లేచి వచ్చి ఒక్కో మెట్టూ చేత్తో తడిమి చూశాడు. మూడో మెట్టు దగ్గర చెయ్యి ఆగింది. మిగతా చెక్కంతా నల్లబడి ఉంది. ఆ ఒక్క మెట్టు మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది.

"ఇది నువ్వు పట్టుకెళ్లేటప్పటికే విరిగి ఉంది."

"తెలుసు."

"మరి ఎవరు బాగుచేయమన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వు ఎక్కుతావు కదా."

నారాయణ కుర్చీ దగ్గరికి వెళ్లాడు కానీ కూర్చోలేదు. సూరి గేటు దాకా నడిచి ఆగాడు. "వస్తానన్నయ్యా" అన్నాడు. ఆ పిలుపు ఆ వాకిట్లో వినిపించి మూడేళ్లయింది.

నారాయణ పేపరు మొహానికి అడ్డంగా పెట్టుకున్నాడు. "మేకు సరిగ్గా దిగలేదు. చెయ్యి గీరుకుంటుంది" అన్నాడు కటువుగా.

సాయంత్రం భార్య నిచ్చెనను కొట్టుగదిలో పెట్టబోతుంటే, "అక్కడొద్దు, గోడ దగ్గర పెట్టు" అన్నాడు.

"ఏ గోడ?"

"మధ్య గోడ. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు."

మొదటి అడుగు: ముందు కథ, తర్వాత ప్రశ్నలు

ప్రశ్నలు ముందు చదవాలా, కథ ముందు చదవాలా అని చాలామంది అడుగుతారు. సమాచారం ఇచ్చే వ్యాసమైతే ప్రశ్నలు ముందు చూడటం పనికొస్తుంది, ఏ సంగతి వెతకాలో తెలుస్తుంది. కథకు ఆ పద్ధతి నేను సిఫారసు చేయను. కథలో అర్థమంతా మలుపు మీద ఆధారపడి ఉంటుంది. "మూడో మెట్టు ఎప్పుడు విరిగింది?" అన్న ప్రశ్నను మనసులో పెట్టుకుని చదివితే కళ్లు మెట్టు కోసమే వెతుకుతాయి, "కూర్చోలేదు" అన్న చిన్న మాట జారిపోతుంది. మరీ ఆత్రంగా ఉంటే ప్రశ్నల మొదటి వరుసలు మాత్రం చూడండి. ఆప్షన్లు మాత్రం అస్సలు చూడొద్దు. నాలుగింటిలో మూడు అబద్ధాలు. కథ కన్నా ముందు అవి చదివితే కథలో లేనివి ఉన్నట్టు గుర్తుండిపోతాయి.

రెండో అడుగు: మొదటిసారి చదివేటప్పుడు ఏం గమనించాలి

అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడకండి. కథ మీ ముందే ఉంటుంది, వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. నాలుగు సంగతులు తెలిస్తే చాలు: ఎవరెవరు ఉన్నారు, వాళ్ల మధ్య ఉన్న ఇబ్బంది ఏమిటి, ఎక్కడ ఏదో మారింది, చివరికి ఎక్కడ తేలింది. మారిన చోట పెన్సిల్‌తో ఒక గీత పెట్టండి. కంప్యూటర్ మీద రాసే పరీక్షైతే ఆ వాక్యాన్ని మనసులో ఒకసారి పలకండి.

మన కథలో ఆ చోటు మూడో మెట్టు దగ్గర చెయ్యి ఆగడం. అంతకుముందు నారాయణ మాటల్లో లెక్కలు ఉన్నాయి: రెండు రోజులు, వారం. ఆ తర్వాత లెక్కలు లేవు. చివర్లో నిచ్చెన ఎవరిదన్న పట్టింపే లేదు.

మనుషులు ఒకరినొకరు ఎలా పిలుస్తున్నారో, ఎప్పుడు పిలవడం మానేశారో కూడా చూడండి. సూరి వచ్చినప్పుడు వరస పెట్టి పిలవలేదు. వెళ్లేటప్పుడు పిలిచాడు. చిన్న కథల్లో సంబంధాల సంగతి చెప్పడానికి రచయితలు ఎక్కువగా ఇలాంటి చోట్లనే వాడుకుంటారు, ప్రశ్నలు కూడా అక్కడి నుంచే వస్తాయి. సంభాషణలు గబగబా చదివేసి వర్ణనలు నెమ్మదిగా చదివే అలవాటుంటే తిరగేయండి.

చివరి రెండు మూడు వాక్యాలు ఎంత తొందరలో ఉన్నా రెండుసార్లు చదవండి.

మూడో అడుగు: చెబుతున్నది ఎవరు?

ఈ కథను చెప్పే గొంతు బయటి నుంచి చూస్తోంది. నారాయణకు బాధేసిందనో సంతోషమేసిందనో ఎక్కడా రాయలేదు. కాబట్టి మనసుకు సంబంధించిన ప్రశ్న ఏది వచ్చినా జవాబు చేతల్లో వెతకాలి: కూర్చోకపోవడం, పేపరు అడ్డం పెట్టుకోవడం, మధ్య గోడ.

"నేను" అంటూ సాగే కథైతే జాగ్రత్త ఇంకా పెరగాలి. చెప్పేవాడికి తెలియని సంగతి పాఠకుడికి తెలియవచ్చు, లేదా చెప్పేవాడు తనను తాను సమర్థించుకుంటూ ఉండవచ్చు. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ఇలాంటివాణ్ని నమ్మదగని కథకుడు అన్నాడు. పరీక్షల్లో దీని మీద వచ్చే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: "కథకుడి మాటలను బట్టి అతని గురించి ఏం తెలుస్తుంది?" అతను తన గురించి ఏం చెప్పుకున్నాడన్నది దానికి జవాబు కాదు. చెప్పిన తీరులో ఏం బయటపడిందన్నదే జవాబు.

నాలుగో అడుగు: ప్రశ్నను పూర్తిగా చదవడం

ఇది చెప్పక్కర్లేని మాటలా ఉంటుంది కానీ "కానిది", "తప్ప", "ప్రధానంగా", "నేరుగా", "అతని దృష్టిలో" అన్న మాటలు జారవిడిచి పోగొట్టుకునే మార్కులు తక్కువేం కాదు. ఆ మాట కనిపించగానే కింద గీత పెట్టండి.

తర్వాత ప్రశ్న ఏ రకమో తేల్చుకోండి. కథలో ఉన్న సంగతినే అడుగుతోందా, ఉన్నదాన్ని బట్టి ఊహించమంటోందా, పదానికి అర్థం అడుగుతోందా, మొత్తం కథ భావం అడుగుతోందా? రకాన్ని బట్టి జవాబు దొరికే చోటు మారుతుంది. మొదటి రకానికి ఒక్క వాక్యం చాలు. చివరి రకానికి కథ మొదలూ చివరా రెండూ కావాలి.

ఐదో అడుగు: ఆప్షన్లను మూసి, మీ జవాబు మీరే చెప్పడం

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగు మాత్రమే పాటించగలను అనుకునేవాళ్లు దీన్నే పాటించండి. ప్రశ్న చదివాక ఆప్షన్లను చేత్తో మూయండి. స్క్రీన్ అయితే చూపు కిందికి పోనివ్వకండి. మీ మాటల్లో, ముక్కలు ముక్కలుగానైనా, జవాబు చెప్పుకోండి. ఆ తర్వాతే ఆప్షన్లు చూడండి. ముందే జవాబు ఉన్నవాడు ఆప్షన్లను పరీక్షిస్తాడు. లేనివాణ్ని ఆప్షన్లే తమవైపు లాక్కుంటాయి.

ఒక ప్రశ్నతో చూద్దాం.

నారాయణ పేపరును మొహానికి అడ్డంగా ఎందుకు పెట్టుకున్నాడు?

ముందు సొంత జవాబు: "తమ్ముడి పిలుపుకు కదిలిపోయాడు, అది కనపడనివ్వలేదు." ఏ వాక్యం చూసి? పిలుపు వినిపించి మూడేళ్లయిందన్న వాక్యం, వెంటనే పేపరు అడ్డం పెట్టుకోవడం. ఇప్పుడు ఆప్షన్లు:

ఎ) తమ్ముడు ఆలస్యంగా నిచ్చెన తెచ్చాడన్న కోపం ఇంకా తీరక
బి) ఆగిపోయిన వార్తను పూర్తి చేయాలని
సి) తన మనసులోని కదలిక తమ్ముడికి కనిపించకూడదని
డి) గతంలో తమ్ముడికి తాను చేసిన అన్యాయానికి సిగ్గుపడి

సి అని తేలిగ్గా తెలుస్తోంది కదా. సొంత జవాబు లేకుండా వచ్చినవాళ్లను మాత్రం డి బాగా లాగుతుంది. అది లోతుగా, కథను బాగా అర్థం చేసుకున్నవాడి మాటలా వినిపిస్తుంది. కానీ మూడేళ్ల కిందట ఏం జరిగింది? తప్పెవరిది? కథ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "అన్యాయం" అన్న మాటకు పేజీ మీద ఆధారం లేదు, ఆ ఒక్క మాటతో ఆప్షన్ మొత్తం పోతుంది. ఆలస్యం మీద కోపం నిజంగానే కథలో కనిపిస్తుంది కానీ అది మొదట్లోది. అందుకే ఎ కూడా పోతుంది. ఒక చోటి నిజాన్ని ఇంకో చోటికి జవాబుగా పెట్టడం ప్రశ్నలు తయారుచేసేవాళ్లు తరచూ వాడే పద్ధతి.

ఆరో అడుగు: తప్పు ఆప్షన్‌ను ఒక్క మాట దగ్గర పట్టుకోవడం

మంచి ప్రశ్నపత్రంలో తప్పు ఆప్షన్ పూర్తిగా తప్పుగా ఉండదు. ముప్పాతిక నిజం, ఒక్క మాట అబద్ధం. కాబట్టి ఆప్షన్‌ను వాక్యంగా కాకుండా మాట మాటగా చదవాలి. ఈ ప్రశ్న చూడండి.

కింది వాటిలో కథ ఆధారంగా చెప్పలేనిది ఏది?

ఎ) నిచ్చెన అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు సూరి దగ్గర ఉంది.
బి) అన్నదమ్ములు మూడేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.
సి) మెట్టు విరిగిన సంగతి నారాయణకు ముందే తెలుసు.
డి) రెండిళ్లకూ మధ్య గోడ ఉంది.

చాలామందికి బి నిజమనే అనిపిస్తుంది, ఎందుకంటే చదువుతున్నప్పుడు మనసులో ఏర్పడిన కథ అదే. మళ్లీ చూడండి. మూడేళ్లయింది పిలుపు వినిపించి. మాట్లాడుకుని మూడేళ్లయిందని లేదు. పైగా "నాతో రెండు రోజులన్నావు" అంటున్నాడు నారాయణ, అంటే వారం కిందటే ఇద్దరూ మాట్లాడుకున్నారు. మాటలు ఉన్నాయి, "అన్నయ్య" అన్న పిలుపు లేదు. ఈ తేడా తెలిస్తే కథే ఇంకాస్త లోతుగా కనిపిస్తుంది. పరీక్ష కోసం పడిన శ్రమ కథను దగ్గర చేసిన సందర్భాల్లో ఇదొకటి, నాకు ఈ ప్రశ్నల మీద గౌరవం కలిగేది కూడా ఇలాంటప్పుడే.

"కానిది", "చెప్పలేనిది" అని అడిగే ప్రశ్నలకు ఒక చిన్న ఉపాయం: ప్రతి ఆప్షన్ పక్కన అవును, కాదు అని గుర్తు పెట్టండి. మూడు అవునులు, ఒక కాదు రావాలి. లెక్క అలా రాకపోతే ప్రశ్నను తలకిందులుగా చదివారన్నమాట.

తప్పు ఆప్షన్లలో మాటిమాటికీ కనిపించేవి కొన్ని ఉన్నాయి. "ఎప్పటికీ", "పూర్తిగా", "ఎవరూ", "తప్పనిసరిగా" లాంటి గట్టి మాటలున్నవి వాటిలో ఒకటి. ఇవి ఉంటే తప్పేనని తీర్మానించకండి, ఆ గట్టిదనానికి కథలో ఆధారం ఉందేమో చూడండి. కథలోని పదాలనే ఎత్తి అతికించి, అర్థం మార్చేసే ఆప్షన్ ఇంకొకటి. తెలిసిన పదాలు కనపడగానే చెయ్యి అటే పోతుంది, సరైన జవాబేమో వేరే మాటల్లో రాసి ఉంటుంది. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసేవి, ఒకరి మాటను ఇంకొకరికి అంటగట్టేవి కూడా మామూలే. అన్నిటికన్నా చిక్కుపెట్టేది మాత్రం నిజమే అయినా అడిగినదానికి జవాబు కానిది. "సూరి మెట్టును బాగుచేశాడు" అన్నది నిజం. "నారాయణ మనసు ఎలా మారింది?" అని అడిగితే అది జవాబు కాదు.

రెండు మిగిలినప్పుడు

ఎంత చేసినా కొన్నిసార్లు రెండు ఆప్షన్లు మిగులుతాయి. అప్పుడు రెండింటినీ పదే పదే చదివితే లాభం లేదు, చదివిన కొద్దీ రెండూ ఇంకా బాగుంటాయి. రెండింటికీ తేడా ఏ మాట దగ్గర ఉందో చూడండి. ఒకటి "చిరాకు" అంటోంది, ఇంకోటి "ద్వేషం" అంటోంది అనుకుందాం. ఇప్పుడు ఆప్షన్లను వదిలేసి కథలోకి వెళ్లండి. ఆ తేడాను తేల్చే వాక్యం వెతకండి. దొరక్కపోతే తక్కువ దూరం పోయే ఆప్షన్ పెట్టండి. చిరాకును నిరూపించడానికి ఒక మాట చాలు, ద్వేషానికి చాలా కావాలి. కథ ఇచ్చినదానితోనే నిలబడగలిగే ఆప్షనే ఎక్కువసార్లు సరైనది.

మాట ఒకటి, మనసు ఒకటి

టోన్ మీద వచ్చే ప్రశ్నల్లో పాత్ర టోన్‌నూ కథ టోన్‌నూ కలిపేయడం వల్ల పొరపాట్లు జరుగుతాయి. నారాయణ చివరి మాట తమ్ముడితో "కటువుగా" అన్నాడని కథలోనే ఉంది. కాబట్టి "నారాయణ ఏ స్వరంలో అన్నాడు?" అంటే కటువుగానే. "ఈ మాటల ద్వారా ఏం వ్యక్తమవుతోంది?" అంటే జవాబు వేరు. చెయ్యి గీరుకుంటుందని చెప్పడంలో ఆ మెట్టును ఎంత శ్రద్ధగా తడిమాడో తెలుస్తోంది, మాట కలపడానికి ఒక వంక వెతుకుతున్నాడని కూడా. స్వరం ఒకటి, లోపలి భావం ఇంకొకటి అయినప్పుడు ప్రశ్న దేన్ని అడుగుతోందో ఆ ఒక్కదానికే జవాబివ్వాలి.

పదాల అర్థం అడిగే ప్రశ్నలు

వీటికి ఎక్కువ సమయం పెట్టొద్దు. తెలిసిన పదమే అడుగుతారు, వాక్యంలో దాని అర్థం మారి ఉంటుంది. "మేకు సరిగ్గా దిగలేదు" అన్నచోట "దిగలేదు" అంటే పైనుంచి కిందికి రాలేదు అని కాదు, చెక్కలోకి పూర్తిగా పోలేదు అని. ప్రతి ఆప్షన్‌నూ ఆ పదం ఉన్న చోట పెట్టి వాక్యమంతా చదవండి, ముందూ వెనకా ఒక్కో వాక్యం కూడా. తెలియని పదమైనా ఇదే పద్ధతి. మీకు ముందే తెలిసిన అర్థం ఆప్షన్లలో మొదటే కనిపిస్తే కాస్త అనుమానించండి.

ప్రధాన భావం, శీర్షిక

ఇక్కడ ఆగి ఆలోచించాలి. మన కథకు ప్రధాన భావం ఏది?

ఎ) అరువు తెచ్చిన వస్తువును గడువులోగా తిరిగి ఇవ్వాలి.
బి) రక్తసంబంధాలు ఎప్పటికీ తెగిపోవు.
సి) నోటితో చెప్పలేని దగ్గరితనాన్ని చిన్న పనులు చెబుతాయి.
డి) సూరి విరిగిన మెట్టును బాగుచేసి తెచ్చాడు.

డి జరిగిన సంఘటన మాత్రమే. ఎ ఒక్క వాక్యం నుంచి లాగిన నీతి, కథ అసలు అటు పోలేదు. బి వినడానికి బాగుంటుంది, మనలో చాలామంది నమ్మే మాట కూడా. చిక్కు అక్కడే ఉంది. మనం నమ్మేది కథ చెప్పినట్టు అనిపిస్తుంది. "ఎప్పటికీ" అనడానికి ఒక్క రోజు జరిగిన సంగతి ఎలా సరిపోతుంది? సి మాత్రం మెట్టు, పేపరు, మధ్య గోడ మూడింటికీ సరిపోతుంది.

భావం ప్రశ్న వచ్చినప్పుడల్లా కథ మొదటి స్థితినీ చివరి స్థితినీ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏది మార్చిందో చెప్పుకోండి. మొదట నిచ్చెన లెక్కపెట్టి ఇచ్చిన వస్తువు, చివర ఎవరైనా తీసుకోగల వస్తువు. మార్చింది ఎవరూ అడగకుండా వేసిన ఒక మెట్టు, ఒక పిలుపు. ఈ రెండు వాక్యాలకు దగ్గరగా ఉన్న ఆప్షనే జవాబు. శీర్షిక ప్రశ్నకూ ఇదే దారి: కథలో ఒక భాగానికి కాకుండా ఆ మార్పు మొత్తానికి సరిపోవాలి.

సమయం, నెగెటివ్ మార్కులు, జవాబు మార్చుకోవడం

సమయంలో దాదాపు మూడో వంతు కథ చదవడానికే ఇవ్వండి. తొందరపడి చదివితే ప్రతి ప్రశ్నకూ మళ్లీ మొదటికి వెళ్లాల్సి వస్తుంది. ప్రశ్నల్లో నేరుగా ఉన్నవి ముందు చేయండి. వాటి కోసం కథలోకి వెళ్లి వచ్చేసరికి భావం ప్రశ్నకు కావాల్సినవి కూడా దొరుకుతాయి.

నెగెటివ్ మార్కులు లేకపోతే ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. ఉంటే ఈ లెక్క చూసుకోండి. నాలుగు ఆప్షన్లు, సరైన జవాబుకు 1 మార్కు, తప్పుకు మూడో వంతు కోత అనుకుందాం. గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ పోయేదీ సమానం. ఒక్క ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే సగటున 1/9 మార్కు లాభం, రెండు కొట్టేస్తే 1/3 లాభం. కాబట్టి ఆధారంతో ఒక్కటి కొట్టేసినా జవాబు పెట్టడమే మేలు.

మొదట తోచిన జవాబు మార్చకూడదని ఒక నమ్మకం ఉంది. జస్టిన్ క్రూగర్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు మార్చిన జవాబుల్లో సుమారు సగం తప్పు నుంచి ఒప్పుకు వెళ్లాయి, ఒప్పు నుంచి తప్పుకు వెళ్లినవి పావు వంతే. మార్చి పోగొట్టుకున్నది ఎక్కువగా బాధిస్తుంది కాబట్టి అదే గుర్తుంటుంది. కొత్త వాక్యం కంటపడితే మార్చండి. ఊరికే భయమేసి మాత్రం మార్చకండి.

సాధన ఎలా చేయాలి

రోజుకు పది పాసేజ్‌లు చేసి మార్కులు లెక్కపెట్టుకోవడం కన్నా ఒక్క కథను నిదానంగా తిరగేయడం మేలు. తప్పయిన ప్రతి ప్రశ్నకూ రెండు వాక్యాలు రాయండి: నేను పెట్టిన ఆప్షన్‌లో ఏ మాట తప్పు, సరైన ఆప్షన్‌కు కథలో ఏ వాక్యం ఆధారం. సరైనవాటికి కూడా ఆధారం రాయండి, అదృష్టం కొద్దీ వచ్చినవి అప్పుడే బయటపడతాయి. కొన్ని వారాలు ఇలా రాస్తే మీ తప్పుల తీరు మీకే కనిపిస్తుంది. కొందరు ఎప్పుడూ కథను దాటి ముందుకు పోతారు, కొందరు కథలోని పదాలు కనపడగానే ఆగిపోతారు. ఇద్దరికీ మందు ఒకటి కాదు. మొదటివాళ్లు ప్రతి ఆప్షన్ పక్కన వాక్యం సంఖ్య రాసే అలవాటు చేసుకోవాలి. రెండోవాళ్లు ప్రతి ఆప్షన్‌నూ తమ మాటల్లో తిరగరాసి చూడాలి.

ఇంకొక సాధన ఉంది, కష్టమైనదే కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఏదైనా చిన్న కథ తీసుకుని మీరే ఒక ప్రశ్న తయారుచేయండి. సరైన ఆప్షన్ రాయడానికి ఎక్కువ సేపు పట్టదు. తర్వాత ఎదుటివాణ్ని నమ్మించగలిగే మూడు తప్పు ఆప్షన్లు రాయండి: ఒకటి కథను దాటి పోయేది, ఒకటి నిజమైనా జవాబు కానిది, ఒకటి ఒక్క మాట ఎక్కువైనది. స్నేహితుడికి ఇచ్చి చేయమనండి. అతను తప్పు పెడితే, అది ఎందుకు తప్పో కథలోని వాక్యం చూపించి ఒప్పించండి. ఒప్పించలేకపోతే ప్రశ్న సరిగ్గా రాయలేదన్నమాట, దిద్ది మళ్లీ ఇవ్వండి.